క్యూఈఎంయూలో పీసీఐ డివైస్‌కి ఫర్మ్‌వేర్ పేరు ఎక్కడి నుంచి వస్తుంది?

క్యూఈఎంయూ అంటే వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్, ఫర్మ్‌వేర్ అంటే మెషీన్ ఆన్ కాగానే ముందుగా నడిచి బూట్ చేయించే ప్రోగ్రామ్. మీరు అడిగినవి మూడు. వర్ట్‌ఐఓ బ్లాక్ డిస్క్‌కి (వర్చువల్ మెషీన్ల కోసమే రూపొందించిన డిస్క్ రకం) బూట్‌ఇండెక్స్ (బూట్ వరుసలో ఎన్నోది అనే సంఖ్య) ఇస్తే బూట్ఆర్డర్‌లో "స్కజీ@6" అని ఎందుకు కనిపిస్తోంది? క్యూ35 అనే రకం పీసీ మెషీన్‌లో సాటా కంట్రోలర్‌కి మామూలు పేరు లేకుండా "పీసీఐ8086,2922" అని నంబర్లు ఎందుకు వచ్చాయి? మీరు రాస్తున్న కొత్త పీసీఐ డివైస్ మోడల్లో ఎఫ్‌డబ్ల్యూ_నేమ్ (ఫర్మ్‌వేర్ పేరు) పెట్టినా అది పాత్‌లోకి (డివైస్ ఎక్కడుందో ఫర్మ్‌వేర్‌కి చెప్పే చిరునామాలోకి) ఎందుకు రావట్లేదు?

మూడింటికీ జవాబు ఒక్కచోటే ఉంది. పీసీఐ బస్సు మీద ఫర్మ్‌వేర్ పేరును మోడల్ పేరు నిర్ణయించదు, మీరు కమాండ్ లైన్లో ఇచ్చిన ఐడీ కూడా నిర్ణయించదు. ఆ డివైస్ కాన్ఫిగ్ స్పేస్‌లో (తన వివరాలు చెప్పుకునే రిజిస్టర్లలో) ఉన్న, అది ఏ రకం డివైసో చెప్పే 16 బిట్ల క్లాస్ కోడ్ నిర్ణయిస్తుంది. @ తర్వాత వచ్చే నంబర్ స్లాట్, ఫంక్షన్ల నుంచి వస్తుంది. ఇది పట్టుబడితే మిగతాదంతా సులువుగా విడిపోతుంది. (పాత్‌లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు అవన్నీ ఇంగ్లిష్ చిన్నక్షరాలు.)

అసలు ఇంత పొడుగు పాత్ ఎందుకు, లినక్స్‌లో చూసే 00:06.0 లాంటి అడ్రస్ ఇచ్చేస్తే పోదా అనిపించవచ్చు. పోదు. బ్రిడ్జి వెనకున్న బస్సుకి నంబర్ ఇచ్చేది ఫర్మ్‌వేర్. మెషీన్ ఆన్ అయ్యాక సీబయోస్ (పాత బయోస్ తరహా ఫర్మ్‌వేర్) గానీ ఓవీఎంఎఫ్ (యూఈఎఫ్ఐ తరహాది) గానీ బ్రిడ్జిలన్నీ తిరిగి నంబర్లు వేస్తుంది. క్యూఈఎంయూ బూట్ వరుస తయారుచేసే సమయానికి ఆ నంబర్లే పుట్టి ఉండవు. కాబట్టి రెండు పక్షాలూ ఒకరినొకరు అడక్కుండా, ఎవరికి వారు లెక్కగట్టుకోగలిగిన చిరునామా కావాలి. "రూట్ నుంచి దిగు, 2వ స్లాట్లో బ్రిడ్జి, దాని వెనక 0వ స్లాట్లో కార్డు" అని దారి చెప్పే చిరునామా అన్నమాట. ఆ రూపాన్ని ఓపెన్ ఫర్మ్‌వేర్ నుంచి, అంటే 1994 నాటి ఐఈఈఈ 1275 ప్రమాణం నుంచి తీసుకున్నారు. అందులో ప్రతి నోడూ పేరు@యూనిట్ అడ్రస్ అనే పద్ధతిలో ఉంటుంది. పీసీఐ మీద యూనిట్ అడ్రస్ "స్లాట్" గానీ "స్లాట్,ఫంక్షన్" గానీ అవుతుంది. ఇలా తయారైన పాత్‌లు వరుసకి ఒకటి చొప్పున "బూట్ఆర్డర్" అనే ఫైల్లో చేరతాయి. దాన్ని ఎఫ్‌డబ్ల్యూ_సీఎఫ్‌జీ (క్యూఈఎంయూ ఫర్మ్‌వేర్‌కి సమాచారం అందించే మార్గం) ద్వారా, ఎక్స్86లో అయితే 0ఎక్స్510, 0ఎక్స్511 పోర్టుల మీదుగా, గెస్ట్ (వర్చువల్ మెషీన్ లోపలి) ఫర్మ్‌వేర్ చదువుకుంటుంది.

ఇప్పుడు మీ పాత్‌నే ముక్కలుగా చూద్దాం:

/పీసీఐ@ఐ0సీఎఫ్8/స్కజీ@6/డిస్క్@0,0

దీన్ని కట్టే ఫంక్షన్ రికర్సివ్‌గా పనిచేస్తుంది. డిస్క్ దగ్గర మొదలై, దాని బస్సుకి తల్లి డివైస్ ఎవరు, ఆ తల్లి ఏ బస్సు మీద ఉంది అంటూ పైదాకా వెళ్లి, తిరిగి దిగేటప్పుడు ఒక్కో ముక్క అతికిస్తుంది. ప్రతి మెట్టులో అది అడిగేది డివైస్‌ని కాదు, డివైస్ కూర్చున్న బస్సుని: "నీ మీదున్న ఇతనికి ఏం పేరు పెడతావు?" కాబట్టి పేరు పెట్టే పద్ధతి బస్సు బస్సుకీ మారుతుంది.

మొదటి ముక్క సిస్టమ్ బస్సు పెట్టినది. అక్కడ మాత్రం మోడల్లో రాసిన ఎఫ్‌డబ్ల్యూ_నేమ్‌కి విలువ ఉంది. అది లేకపోతే డివైస్ టైప్ పేరునే వాడుకుంటుంది. పీసీఐ హోస్ట్ బ్రిడ్జిలో అది "పీసీఐ" అని రాసి ఉంటుంది. యూనిట్ అడ్రస్ కోసం మొదట మెమరీ మ్యాప్ ఉందా అని చూస్తుంది, ఉంటే దాని మొదటి అడ్రస్ వేస్తుంది. లేకపోతే ఐఓ పోర్టు చూసి ముందు "ఐ" అక్షరం పెట్టి నాలుగు హెక్స్ అంకెలు వేస్తుంది. పీసీలో కాన్ఫిగ్ అడ్రస్ పోర్టు 0ఎక్స్‌సీఎఫ్8 కాబట్టి "పీసీఐ@ఐ0సీఎఫ్8" వచ్చింది. ఆర్మ్ "వర్ట్" మెషీన్‌లో వర్ట్‌ఐఓ ఎంఎంఐఓ డివైస్‌లకి 16 హెక్స్ అంకెల పొడుగు అడ్రస్ కనిపించేదీ ఇందుకే. అక్కడ ముందు సున్నాలు కూడా పాత్‌లో భాగమే, వాటిని తీసేస్తే పోలిక తప్పుతుంది.

రెండో ముక్క పీసీఐ బస్సు పెట్టినది. అసలు విషయం ఇక్కడే ఉంది. క్యూఈఎంయూ సోర్సులో పీసీఐ కోర్ ఫైల్లో ఒక పట్టిక ఉంటుంది. ఒక్కో వరుసలో క్లాస్ కోడ్, మనుషులు చదువుకునే వివరణ, ఫర్మ్‌వేర్ పేరు, నాలుగోదిగా వదిలేయాల్సిన బిట్ల మాస్క్. 0100 అయితే స్కజీ, 0101 అయితే ఐడీఈ, 0104 రెయిడ్, 0200 ఈథర్నెట్, 0401, 0403 రెండూ సౌండ్, 0601 ఐఎస్ఏ, 0604 పీసీఐ-బ్రిడ్జ్, 0సీ03 యూఎస్‌బీ. వర్ట్‌ఐఓ బ్లాక్ డివైస్ తన క్లాస్ కోడ్ 0100 అని చెప్పుకుంటుంది. అందుకే మీరు స్కజీ కంట్రోలర్ ఏదీ పెట్టకపోయినా పాత్‌లో స్కజీ వచ్చింది. అది తప్పు కాదు, దాన్ని మార్చాల్సిన పని కూడా లేదు.

సాటా క్లాస్ 0106. పట్టికలో దానికి వరుస ఉంది, వివరణ ఉంది, కానీ ఫర్మ్‌వేర్ పేరు గడి ఖాళీ. పేరు ఖాళీగా ఉన్నా, అసలు వరుసే లేకపోయినా కోడ్ "పీసీఐ" తర్వాత నాలుగంకెల వెండర్ ఐడీ, కామా, నాలుగంకెల డివైస్ ఐడీ రాసేస్తుంది. ఇంటెల్ 8086, ఐసీహెచ్9 ఏహెచ్‌సీఐ 2922, స్లాట్ 1ఎఫ్, ఫంక్షన్ 2. కలిపితే "పీసీఐ8086,2922@1ఎఫ్,2". ఈ వెనకదారి పేరు క్యూఈఎంయూ కనిపెట్టినది కాదు, ఓపెన్ ఫర్మ్‌వేర్ పీసీఐ బైండింగ్‌లోనే ఉన్న పద్ధతి. ఎన్‌వీఎంఈ క్లాస్ 0108 కూడా ఈ దారిలోనే వెళుతుంది. దాని విషయంలో ఒక జాగ్రత్త. క్యూఈఎంయూ ఎన్‌వీఎంఈ మోడల్ ఒకప్పుడు ఇంటెల్ ఐడీ 8086,5845 వాడేది, తర్వాత రెడ్ హ్యాట్ ఐడీ 1బీ36,0010కి మారింది. ఐడీ మారితే పాత్ కూడా మారుతుంది. పాత పాత్‌ను ఎక్కడైనా స్క్రిప్టులో అచ్చంగా రాసిపెట్టి ఉంటే అది ఆ రోజు నుంచి పనిచేయదు.

నాలుగో గడిలోని మాస్క్ గురించి కూడా చెప్పాలి, చాలామంది దాన్ని గమనించరు. 0300 వరుసలో మాస్క్ 00ఎఫ్‌ఎఫ్. అంటే పోల్చేటప్పుడు కింది 8 బిట్లను పక్కన పెడుతుంది. వీఎఫ్ఐఓతో (అసలు హార్డ్‌వేర్‌ను నేరుగా అప్పగించే పద్ధతితో) గెస్ట్‌కి ఇచ్చిన గ్రాఫిక్స్ కార్డు క్లాస్ 0302, అంటే 3డీ కంట్రోలర్, అయినా సరే ఈ వరుసకే తగిలి "డిస్‌ప్లే" అని పేరు తెచ్చుకుంటుంది. 0302కి కింద ప్రత్యేకంగా ఒక వరుస ఉంది గానీ, వెతుకులాట పైనుంచి కిందికి జరుగుతుంది కాబట్టి అంతదూరం వెళ్లదు. పట్టికలో కొత్త వరుస చేర్చేవాళ్లు ఈ క్రమం చూసుకుని చేర్చాలి.

యూనిట్ అడ్రస్‌లో ఫంక్షన్ 0 అయితే కామా, అంకె రెండూ రావు. "@6,0" అని ఎప్పుడూ ఉండదు, "@6" మాత్రమే ఉంటుంది. ఫంక్షన్ 1 అయితే "@6,1".

మూడో ముక్క, "డిస్క్@0,0", ఏ బస్సూ పెట్టింది కాదు. వర్ట్‌ఐఓ బ్లాక్ నిజానికి రెండు డివైస్‌లు: బయట పీసీఐ ప్రాక్సీ, లోపల వర్ట్‌ఐఓ బస్సు మీద అసలు బ్లాక్ డివైస్. వర్ట్‌ఐఓ బస్సు పేరు అడిగితే ఏమీ లేదని చెబుతుంది, దాంతో ఆ మెట్టు పాత్‌లో మాయమవుతుంది. చివరి "డిస్క్@0,0" అనేది బూట్‌ఇండెక్స్ ప్రాపర్టీ నమోదు చేసేటప్పుడు మోడల్ ఇచ్చిన సఫిక్స్. నెట్‌వర్క్ కార్డులకి ఇలాగే "ఈథర్నెట్-ఫై@0" వస్తుంది, ఐడీఈ డిస్కులకి మాస్టరా స్లేవా అన్నదాన్ని బట్టి "డిస్క్@0" లేదా "డిస్క్@1". వర్ట్‌ఐఓ స్కజీలో మాత్రం స్కజీ బస్సే "చానల్@0/డిస్క్@2,3" అని రాస్తుంది. అక్కడ 2 టార్గెట్, 3 లన్ (టార్గెట్ లోపలి యూనిట్ నంబర్). స్కజీ@ దాకా రెండు పాత్‌లూ ఒకేలా ఉన్నా ఆ తర్వాత "చానల్" ఉందా లేదా అన్నదే వాటిని వేరు చేస్తుంది.

రాసేవాళ్ల సంగతి ఇది. చదివేవాళ్లు ఎలా చదువుతారో తెలియకపోతే సగమే తెలిసినట్టు. సీబయోస్, ఓవీఎంఎఫ్ ఒకే ఫైల్ని చాలా వేరుగా చదువుతాయి.

సీబయోస్ తాను కనుక్కున్న ప్రతి పీసీఐ డివైస్‌కీ సొంతంగా ఒక నమూనా కట్టుకుని, ఫైల్లో వెతుకుతుంది. ఆ నమూనాలో డివైస్ పేరు స్థానంలో నక్షత్రం గుర్తు ఉంటుంది: "/పీసీఐ@ఐ0సీఎఫ్8/*@6". అంటే పేరు స్కజీ అయినా, పీసీఐ1ఏఎఫ్4,1001 అయినా దానికి పట్టింపు లేదు, అడ్రస్ సరిపోతే చాలు. కానీ బ్రిడ్జిల దగ్గర నక్షత్రం ఉండదు, అక్షరాలా "పీసీఐ-బ్రిడ్జ్" అనే ఉండాలి. ఫ్లాపీకి వెళ్లే దారిలో "ఐఎస్ఏ" కూడా అంతే. కాబట్టి సీబయోస్ కింద మామూలు కార్డు పేరు తేడా వస్తే ఏమీ కాదు, బ్రిడ్జి పేరు తేడా వస్తే దాని వెనకున్నవన్నీ వరుసలోంచి జారిపోతాయి. మీరు రాస్తున్న బ్రిడ్జి మోడల్ క్లాస్ కోడ్ 0604 కాకుండా 0680 అని పెడితే సరిగ్గా ఇదే జరుగుతుంది.

ఓవీఎంఎఫ్ పని వేరు. అది ఓపెన్ ఫర్మ్‌వేర్ పాత్‌ను యూఈఎఫ్ఐ పాత్‌గా అనువదించి, తన బూట్ ఆప్షన్లతో మొదటి భాగాన్ని పోల్చుతుంది. అనువదించాలంటే కింద ఏముందో తెలియాలి కాబట్టి పేర్లను నిజంగానే చదువుతుంది: ఐడీఈ, డ్రైవ్, డిస్క్, స్కజీ, చానల్, ఈథర్నెట్ అని. క్యూ35 సాటాకి "పీసీఐ8086,2922" అనే మాటను కోడ్‌లోనే రాసిపెట్టారు. తెలియని పేరు వస్తే పీసీఐ స్లాట్ దాకా అనువదించి ఊరుకుంటుంది, చాలాసార్లు అది సరిపోతుంది. ఇంకో పరిమితి కూడా ఉంది: ఒక పాత్‌లో మొదటి 6 నోడ్లనే అది పరిశీలిస్తుంది. రూట్ పోర్టు, దాని కింద స్విచ్ అప్‌స్ట్రీమ్, డౌన్‌స్ట్రీమ్, ఆ వెనక వర్ట్‌ఐఓ స్కజీ పెట్టారనుకోండి. పీసీఐ రూట్ ఒకటి, బ్రిడ్జిలు మూడు, స్కజీ, చానల్ కలిపి అక్కడికే 6 అయిపోతాయి, డిస్క్ నోడ్ దాకా రాదు. అప్పుడు ఆ కంట్రోలర్ మీదున్న డిస్కుల మధ్య వరుస మీరు కోరినట్టు ఉంటుందని నమ్మలేం. బూట్ డిస్క్‌ని స్విచ్‌ల వెనక దాచకుండా నేరుగా ఒక రూట్ పోర్టు కింద పెట్టడం మంచిది.

క్యూఈఎంయూ వైపు కూడా ఒక హద్దు ఉంది: పాత్ కట్టే బఫర్ 128 బైట్లు. మామూలు మెషీన్లలో అక్కడిదాకా వెళ్లరు, కానీ బ్రిడ్జి కింద బ్రిడ్జి పెట్టుకుంటూ పోయేవాళ్లు గుర్తుంచుకోవాలి.

లిబ్‌వర్ట్ (వర్చువల్ మెషీన్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్) తయారుచేసే క్యూ35 మెషీన్లలో మీకు రోజూ కనిపించే పాత్ ఇలా ఉంటుంది: "/పీసీఐ@ఐ0సీఎఫ్8/పీసీఐ-బ్రిడ్జ్@2,1/స్కజీ@0/డిస్క్@0,0". రూట్ పోర్టు క్లాస్ కూడా 0604 కాబట్టి దానికీ పీసీఐ-బ్రిడ్జ్ అనే పేరే. దాని వెనక ఒకే స్లాట్, అది 0. అందువల్ల డిస్కులన్నీ "స్కజీ@0"గా కనిపిస్తాయి, తేడా అంతా బ్రిడ్జి అడ్రస్‌లో ఉంటుంది. గెస్ట్ లోపల లినక్స్ చూపించే 03:00.0 లాంటి నంబర్‌ని పట్టుకుని ఈ పాత్‌లో 3 కోసం వెతకొద్దు, ఆ 03 ఫర్మ్‌వేర్ తర్వాత వేసిన బస్సు నంబర్.

పీసీఐ ఎక్స్‌పాండర్ బ్రిడ్జి, అంటే పీఎక్స్‌బీ, పెడితే అదనపు రూట్ బస్సు వస్తుంది. దాని పాత్ "/పీసీఐ@ఐ0సీఎఫ్8,1" అని మొదలవుతుంది. ఇక్కడ పొరపాటు చాలా మామూలు: బస్_ఎన్‌ఆర్=0ఎక్స్80 అని ఇచ్చాం కాబట్టి ",80" వస్తుందనుకుంటారు. రాదు. అది బస్సు నంబర్ కాదు, అదనపు రూట్‌లలో ఎన్నోది అనే వరుస సంఖ్య. బస్_ఎన్‌ఆర్ ప్రకారం మొదటిది 1, రెండోది 2. మధ్యలో ఇంకో పీఎక్స్‌బీ చేర్చితే పాతదాని సంఖ్య జరుగుతుంది.

అంకెలన్నీ హెక్స్ అని ప్రత్యేకంగా చెప్పాలి. కమాండ్ లైన్లో "అడ్ర్=10" అని రాస్తే క్యూఈఎంయూ దాన్ని ముందు 0ఎక్స్ లేకపోయినా హెక్స్‌గానే చదువుతుంది, అంటే 16వ స్లాట్. పాత్‌లో "@10" అని వస్తుంది, చూడటానికి సరిపోయినట్టే ఉంటుంది. పదో స్లాట్ అనుకుని వేరే స్క్రిప్టులో "@ఏ" కోసం వెతికితే దొరకదు. ఎప్పుడూ 0ఎక్స్ పెట్టి రాయడం అలవాటు చేసుకుంటే ఈ గందరగోళం ఉండదు.

మీ మెషీన్‌లో ఏం జరుగుతోందో చూడటానికి ఊహించాల్సిన పనిలేదు. గెస్ట్ లినక్స్ అయితే క్యూఈఎంయూ_ఎఫ్‌డబ్ల్యూ_సీఎఫ్‌జీ మాడ్యూల్ లోడ్ చేసి /సిస్/ఫర్మ్‌వేర్/క్యూఈఎంయూ_ఎఫ్‌డబ్ల్యూ_సీఎఫ్‌జీ/బై_నేమ్/బూట్ఆర్డర్/రా ఫైల్ని రూట్‌గా చదవండి. ఫర్మ్‌వేర్‌కి అందిన పాత్‌లు అచ్చంగా అవే. చివర్లో ఒక నల్ బైట్ ఉంటుంది, స్క్రిప్టుతో చదివేటప్పుడు దాన్ని కత్తిరించండి. చివరి వరుసలో "హాల్ట్" అని ఉంటే కంగారుపడొద్దు. "-బూట్ స్ట్రిక్ట్=ఆన్" ఇచ్చినప్పుడు అది చేరుతుంది, లిబ్‌వర్ట్ దాన్ని తనంతట తానే ఇస్తుంది. జాబితాలో లేని డివైస్‌ల నుంచి బూట్ చేయొద్దని దాని అర్థం.

ఆ తర్వాత సీబయోస్ ఏం వెతుకుతోందో చూడండి. ఐఎస్ఏ-డీబగ్‌కాన్ డివైస్‌ని ఐఓబేస్=0ఎక్స్402తో పెట్టి, దాని చార్‌డెవ్‌ని (అవుట్‌పుట్ వెళ్లే దారిని) ఒక ఫైల్‌కి కలపండి. మొదట ఫైల్లోని పాత్‌లన్నీ 1, 2, 3 అని నంబర్లతో అచ్చవుతాయి. తర్వాత ఒక్కో డివైస్‌కీ "బూట్ఆర్డర్‌లో దీనికోసం వెతుకుతున్నాను" అనే వరుస, నక్షత్రం ఉన్న నమూనాతో సహా వస్తుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ ముక్క తప్పుతోందో ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఓవీఎంఎఫ్ కూడా ఇదే పోర్టుకి రాస్తుంది, కానీ డీబగ్ బిల్డ్ అయితేనే.

పాత్ అంతా సరిగ్గా ఉండి కూడా నెట్‌వర్క్ బూట్ రాకపోతే పేరును అనుమానించొద్దు. సీబయోస్ కింద నెట్‌వర్క్ బూట్ చేయించేది కార్డు ఆప్షన్ రామ్ (ఆర్‌ఓఎం, కార్డుతో వచ్చే బూట్ కోడ్). రాంబార్=0 అని గానీ రాంఫైల్ ఖాళీగా గానీ ఇస్తే బూట్‌ఇండెక్స్ 1 ఉన్నా లాభం లేదు. అలాగే పాత "-బూట్ ఆర్డర్=" పద్ధతినీ బూట్‌ఇండెక్స్‌నీ కలిపి వాడొద్దు, ఏదో ఒకటి పెట్టుకోండి. ఒకే బూట్‌ఇండెక్స్ రెండు డివైస్‌లకి ఇస్తే క్యూఈఎంయూ మొదట్లోనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. నడుస్తున్న మెషీన్‌లో క్యూఓఎం-సెట్ అనే ఆజ్ఞతో బూట్‌ఇండెక్స్ మార్చవచ్చు. సిస్టమ్ రీసెట్ అయినప్పుడు బూట్ఆర్డర్ ఫైల్ మళ్లీ తయారవుతుంది, గెస్ట్ లోపల రీబూట్ కొట్టినా చాలు.

ఇక మీ మూడో ప్రశ్న, కొత్త మోడల్ సంగతి. పీసీఐ బస్సు పేరు కట్టేటప్పుడు మోడల్లోని ఎఫ్‌డబ్ల్యూ_నేమ్ వైపు అసలు చూడదు. మీరు అక్కడ ఏం రాసినా కంపైల్ అవుతుంది, ఎర్రర్ రాదు, పనిచేయదు. పేరు కావాలంటే క్లాస్_ఐడీ సరిగ్గా పెట్టాలి. ఈథర్నెట్ కార్డయితే 0200 పెట్టండి, "ఈథర్నెట్" దానంతటదే వస్తుంది. 0280 పెడితే పట్టికలో పేరు గడి ఖాళీ కాబట్టి నంబర్ల పేరు వస్తుంది. అయితే పేరు కోసమే క్లాస్ కోడ్ మార్చకండి. గెస్ట్‌లోని డ్రైవర్లు ఆ కోడ్‌ని నమ్ముతాయి. మీ డివైస్ నిజంగా 0108 అయితే 0108 అనే చెప్పండి, నంబర్ల పేరుతో వచ్చే నష్టం లేదు.

మీ కార్డు వెనక సొంత బస్సు ఉంటే, దాని మీద రెండు మూడు డ్రైవులు కూర్చుంటే, అప్పుడు మాత్రం పని ఉంది. ఆ బస్సు క్లాసులో గెట్_ఎఫ్‌డబ్ల్యూ_డెవ్_పాత్ ఫంక్షన్ రాయాలి. రాయకపోతే ఆ మెట్టులో యూనిట్ అడ్రస్ లేకుండా ఉత్త డివైస్ టైప్ పేరే పడుతుంది, ఒకే రకం డ్రైవులన్నీ ఒకే పాత్‌తో తేలతాయి, ఫర్మ్‌వేర్‌కి ఏది ఏదో తెలియదు. ఆ ఫంక్షన్‌లో ఎఫ్‌డబ్ల్యూ_నేమ్ వాడుకోవచ్చు, ఐడీఈ బస్సు "డ్రైవ్@0" రాసేది అలాగే. యూనిట్ అడ్రస్‌గా గెస్ట్ వైపు నుంచి కూడా కనిపించే సంఖ్యనే ఎంచుకోండి: పోర్టు, చానల్, టార్గెట్ లాంటివి. క్యూఈఎంయూ లోపలి జాబితాలో ఎన్నోది అనే సంఖ్య వేస్తే ఫర్మ్‌వేర్ దాన్ని తనంతట లెక్కగట్టలేదు. రాశాక కనీసం మూడు అమరికల్లో పరీక్షించండి: ఫంక్షన్ 0లో, ఫంక్షన్ 1లో (ఫంక్షన్ 0 దగ్గర మల్టీఫంక్షన్=ఆన్ పెట్టి), ఒక రూట్ పోర్టు వెనక.

పవర్ మీద ఎస్‌పేపర్ మెషీన్, పాత మ్యాక్ మెషీన్లు నడిపేవాళ్లకి పైన చెప్పినది పూర్తిగా వర్తించదు. అక్కడి ఫర్మ్‌వేర్‌లు, స్లోఫ్, ఓపెన్‌బయోస్, నిజమైన ఓపెన్ ఫర్మ్‌వేర్ చెట్టునే కడతాయి, వాటి పేర్లు వేరు. అందుకని మెషీన్ స్థాయిలో ఎఫ్‌డబ్ల్యూ పాత్ ప్రొవైడర్ అనే ఇంటర్‌ఫేస్ ఉంది. ప్రతి మెట్టులో ముందు దాన్ని అడిగి, అది ఏమీ చెప్పకపోతేనే బస్సు దగ్గరికి వెళతారు. మ్యాక్ మెషీన్‌లో ఐడీఈ కంట్రోలర్ "ఏటీఏ-3" అని, దాని మీది సీడీ డ్రైవ్ "సీడీరామ్" అని మారేది అక్కడే. ఆ మెషీన్లలో పేరు తప్పు వస్తే పీసీఐ పట్టికలో వెతకొద్దు, ఆ మెషీన్ ఫైల్లోని ఎఫ్‌డబ్ల్యూ_డెవ్_పాత్ ఫంక్షన్ తెరవండి.